లెక్కపెట్టని చుట్లు

నేను రిటైరైన రోజు సభలో ఒకాయన మైకు పట్టుకుని, "వీరు విమానాలకు ప్రాణం పోశారు" అన్నాడు. నేను పోసింది నూనె. అదీ కొన్నిసార్లు ఇంజనులోకి కాకుండా చొక్కా మీదికి పోసుకున్నాను. సన్మానంలో కప్పిన శాలువాతో మా ఆవిడ ఇప్పుడు మిక్సీకి దుమ్ము పడకుండా చూస్తోంది. అంతకంటే గౌరవం నాకూ దక్కలేదు.

విమానాల మరమ్మతులోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఈ ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో చెప్పాలని ఇది రాస్తున్నాను. రెక్కాడితే గాని డొక్కాడదంటారు. మా పనిలో తిరకాసు ఏమిటంటే, మన రెక్కలు ఆడాలి, విమానం రెక్క మాత్రం ఆడకూడదు. మిగతాదంతా ఈ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానమే. మా పోర్ట్ బ్లెయిర్ వైపు దీవుల పిల్లలు మధ్యమధ్య హిందీ కలిపి తెలుగు బాగానే మాట్లాడతారు గానీ చదవమంటే దుకాణం బోర్డు దగ్గరే ఆగిపోతారు. అలాంటివాళ్లకు ఇంట్లో ఎవరైనా ఇది పైకి చదివి వినిపించండి. తిట్లు వచ్చినచోట గొంతు పెంచండి.

బంగళా లేని గవర్నర్

నా కథంతా ఒక చిన్న పరికరం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముందు దాన్ని పరిచయం చేస్తాను. దాని పేరు ప్రొపెల్లర్ గవర్నర్. మా పోర్ట్ బ్లెయిర్‌లో గవర్నర్ అనగానే జనానికి పెద్ద బంగళా, కాపలా గుర్తొస్తాయి. నేను చెప్పే గవర్నర్ రెండు పిడికిళ్లంత ఉంటుంది. బంగళా లేదు, నాలుగు నట్లతో ఇంజనుకు అంటుకుని బతుకుతుంది. కానీ పనిచేస్తుంది.

పడవలో తెడ్డు వేసినవాళ్లకు దీని పని ఇట్టే అర్థమవుతుంది. తెడ్డును అంచువైపు తిప్పి, పలచగా నీళ్లలో ఆడిస్తే చేతులు గబగబా కదులుతాయి. అడ్డంగా లోతుకు దించితే బరువు పడి చేతులు నెమ్మదిస్తాయి. ప్రొపెల్లర్ బ్లేడ్లకూ అలాంటి తిప్పుడే ఉంటుంది, దాన్ని వాలు అంటాం. ఇంజను మరీ వేగంగా తిరగబోతే గవర్నర్ నూనె ఒత్తిడితో బ్లేడ్ల వాలు పెంచి, అంటే గాలికి మరికాస్త అడ్డంగా తిప్పి, బరువు పెంచి పగ్గం వేస్తుంది. నెమ్మదిస్తే వాలు తగ్గించి పగ్గం వదులుతుంది. పైలట్ ముందు ఒక పిడి ఉంటుంది. ఇంజను నిమిషానికి ఎన్నిసార్లు తిరగాలో, అంటే ఎంత ఆర్పీఎం కావాలో, దానితో అడుగుతాడు. ఎంత అడిగినా ఇంతకు మించి ఇవ్వనని చెప్పడానికి గవర్నర్ మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని బయటికి ఒక చుట్టు తిప్పితే ఆర్పీఎం హద్దు సుమారు పాతిక పెరుగుతుంది. లోపలికి తిప్పితే అంత తగ్గుతుంది.

ఆ స్క్రూ పొడవు నా చిటికెన వేలి గోరంత. నా నలభై ఏళ్ల అహంకారానికి సరిపడా పాఠం అందులోనే ఉందని రిటైరయ్యాక తెలిసింది.

ఇద్దరు పెద్దసార్లు

మెయిన్‌లాండ్‌లో, అంటే సముద్రం అవతలి పెద్ద నేలమీద, పనిచేసినప్పుడు నాకొక పెద్దసారు ఉండేవాడు. ఆయన చేతిమీద గ్రీజు మరక నేనెప్పుడూ చూడలేదు. ఆయన జీవితంలో ఎత్తిన అతి బరువైన పనిముట్టు పెన్ను. సంతకం మాత్రం కాగితం మీద రెండు పల్టీలు కొట్టి, తోక విసిరి దిగేది. మా హ్యాంగర్‌లో విన్యాసాలు చేసింది ఆ సంతకం ఒక్కటే. విమానం దగ్గరికి రాకుండానే విమానం బాగుందని రాసేవాడు. అలాంటివాళ్లు మీకూ తగులుతారు. పై పదవుల్లోనే తగులుతారు, ఎందుకంటే కింద చేయాల్సిన పనేదీ వాళ్లకు చేతకాదు.

రెండో ఆయన వేణు సారు. నేను చేరిన రెండో ఏట ఒక పైలట్ వచ్చి ఆర్పీఎం నలభై తక్కువ చూపిస్తోందని రాశాడు. నేను హుషారుగా గవర్నర్ స్క్రూకు చుట్టున్నర ఇచ్చి, చేతులు తుడుచుకుని, టీ తాగాను. మర్నాడు ఆ పైలట్ ముఖం ఎర్రగా చేసుకుని దిగాడు. ఇంజను హద్దు దాటి తిరిగిందట. వేణు సారు విమానం దగ్గరికి వచ్చాడు. చేతిలో పట్టుకుని ఆర్పీఎం కొలిచే మీటరు తీసుకుని, విమానాన్ని ఎండలోకి తోయించి ప్రొపెల్లర్‌కు గురిపెట్టాడు. ట్యూబులైటు కింద కొలిస్తే ఆ మీటరు ప్రొపెల్లర్‌ను వదిలేసి లైటు మినుకులను లెక్కపెడుతుంది, అందుకని ఎండ. గవర్నర్ ముందు నుంచీ సరిగ్గానే ఉంది. కాక్‌పిట్‌లో గేజి తక్కువ చూపిస్తోంది.

"గడియారం ఆలస్యమైతే సూర్యుణ్ణి తిట్టావన్నమాట" అన్నాడు.

ఆ తర్వాత నన్ను పైలట్ దగ్గరికి పంపి, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో నా నోటితోనే చెప్పించాడు. తప్పు ఒప్పుకోవడం నేర్పుతున్నాడనుకున్నాను. వివరించడం నేర్పుతున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. బుర్ర ఉంది గానీ దాని గేజి కూడా తక్కువే చూపించేది.

సిప్పీఘాట్ షెడ్డులో విమానం

రిటైరై డాలీగంజ్‌లో స్థిరపడ్డాక, పనిమీద వచ్చిన మొదటి పిలుపు అప్పలరాజు నుంచి. మా తాతలూ వాళ్ల తాతలూ ఒకే తీరం నుంచి ఓడెక్కి వచ్చారు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు. కుర్రతనంలో హాడో రేవు దగ్గర డుంగీలకు, అంటే మా చేపల పడవలకు, డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఇప్పుడు కాంట్రాక్టరు. సిప్పీఘాట్‌లో సిమెంటు గోదాము వెనక షెడ్డులో ఆరేళ్లుగా ఒక రెండు సీట్ల విమానం కట్టుకుంటున్నాడు. భాగాలు పెట్టెల్లో ఓడమీద వచ్చాయి. పుస్తకం చూసి ఒక్కొక్కటీ బిగించాడు. ఆయన కూతురు సునీత మెయిన్‌లాండ్‌లో చదివి పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. మొదటిసారి ఎగరేది తనే.

"మా గుంట ఎగరాల బావా ఈ ఇమానంలో. నానే కట్టీసేనని ఊరంతా సూడాల" అన్నాడు అప్పలరాజు.

ఇంట్లో విమానం కట్టుకునేవాళ్ల మీద నాకున్న అభిప్రాయం నేనెప్పుడూ దాచలేదు. అందులో సగంమంది ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంటారు. వంకాయ కూర అలా నేర్చుకోవచ్చు, మాడితే పారేసుకోవచ్చు. అప్పలరాజు ముందు కూడా ఈ మాటే అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వినవాడికి నొప్పి లేదనుకోవడం నా పొరపాట్లలో మొదటిది.

గవర్నర్ అప్పటికే ఆయన బిగించి ఉంచాడు. విప్పి చూస్తే ఇంజనుకూ గవర్నర్‌కూ మధ్య ఉండాల్సిన గ్యాస్కెట్‌కు రెండువైపులా ఎర్ర బంక దట్టంగా పూసి ఉంది.

"ఇదేమిటిది?"

"నూనె కారకుండా బావా. డుంగీలకి ఇదే ఏస్తాం."

"డుంగీ ఆగిపోతే తెడ్డేసుకుని వస్తావు. దీన్లోంచి ఆ బంక ముక్క ఒకటి ఊడి నూనె దారికి అడ్డం పడితే ఏ తెడ్డు వేస్తావు?"

గీకి శుభ్రం చేయడానికి ఒక పూట పట్టింది. ఆ గ్యాస్కెట్ మధ్యలో సన్నని జల్లెడ ఉంటుంది, దాని ఉబ్బు గవర్నర్ వైపు ఉండాలి. ఆయన ఇంజను వైపు పెట్టాడు. సరిచేశాను. నాలుగు నట్లూ పుస్తకంలో చెప్పిన బిగువుకు బిగించాను. పైలట్ పిడి నుంచి వచ్చే కేబుల్ కలిపాను. ఇక్కడొక మాట కొత్తవాళ్లు గుర్తుంచుకోవాలి. పిడిని పూర్తిగా ముందుకు తోసినప్పుడు మొదట గవర్నర్ మీది చేయి, అంటే కేబుల్ కలిపిన చిన్న మీట, ఆ హద్దు స్క్రూకు ఆనాలి. అప్పటికి పిడికీ ప్యానెల్‌కూ మధ్య కొంచెం సందు మిగలాలి. పిడి ముందుగా ప్యానెల్‌కు తగిలితే గవర్నర్ తన హద్దు దాకా వెళ్లిందో లేదో ఎవరికీ తెలియదు. నేను రెండు రూపాయి బిళ్లలు దూరేంత సందు వదిలాను. స్క్రూను ఎవరైనా తిప్పితే తెలిసేలా సీలు తీగ చుట్టాను.

"ముట్టుకోకు"

విమానం వెనక భాగాన్ని గొలుసుతో సిమెంటు లారీకి కట్టి, చక్రాలకు దిమ్మలు పెట్టి ఇంజను నడిపాం. పూర్తి థ్రాటిల్‌లో ఆర్పీఎం రెండువేల ఐదువందల అరవై దగ్గర ఆగింది. పుస్తకంలో గరిష్ఠం రెండువేల ఏడువందలు అని ఉంది. అప్పలరాజు ముఖం వాడిపోయింది.

"ఇదేటి బావా, తక్కువొస్తంది! ఆ స్క్రూ థోడా ఇప్పీ."

"అక్కర్లేదు. నేలమీద ఇంతే వస్తుంది."

"ఎందుకలాగ? డుంగీ ఇంజనుకీ ఇలాటి స్క్రూయే ఉంటాది. సీలు తెంపి నాలుగు తిప్పులు ఇస్తే గుర్రంలా లేస్తాది. హాడోలో సీలున్న ఇంజను ఒక్కటి సూపించు."

అది నిజమే. మా దీవుల్లో డుంగీ కొన్నవాడు మొదట చేసే పూజ ఆ సీలు తెంపడం. కంపెనీవాళ్లు కావాలని బలం దాచిపెడతారని అందరి నమ్మకం.

నేను చెప్పాల్సింది రెండు ముక్కలు. నిలబడ్డ విమానంలో బ్లేడ్లు తమ అతి తక్కువ వాలుకు చేరి అక్కడ అడ్డానికి ఆనుకుని ఉంటాయి. ఇంకా తగ్గలేవు. కాబట్టి అప్పుడు ఆర్పీఎంను ఆపుతున్నది గవర్నర్ కాదు, ఆ అడ్డం. ఆ సమయంలో స్క్రూ ఎంత బయటికి తిప్పినా నేలమీద ఏమీ మారదు. పరుగెత్తి గాలి అందుకున్నాక ఆ తిప్పిందంతా ఒక్కసారిగా బయటపడుతుంది. ఇదీ సంగతి.

నేను అన్నది మాత్రం ఇది: "నీకర్థం కాదులే అప్పలరాజూ. ముట్టుకోకు, అంతే."

మర్నాడు కంటి ఆపరేషనుకు చెన్నై ఓడెక్కాను.

కొబ్బరికాయ కొట్టిన రోజు

తిరిగి వచ్చేసరికి నెల దాటింది. విమానం రెక్కలు విప్పి లారీలో రన్‌వే దగ్గరికి తెచ్చి మళ్లీ బిగించారు. మా రన్‌వేకు ఒక చివర కొండ, రెండో వైపు కాస్త దూరంలో నీళ్లు. పెద్ద విమానాల మధ్య ఉదయం ఒక గంట ఖాళీ ఇచ్చారు. అప్పలరాజు బంధువులు, పూలదండలు, మిఠాయి పెట్టెలు, పంతులుగారు అందరూ ముందే చేరారు. మెయిన్‌లాండ్ నుంచి తనిఖీకి వచ్చిన అధికారి అన్నీ చూసి సంతకం పెట్టేశాడు. సునీత హెడ్‌సెట్ పెట్టుకుని సీట్లో కూర్చుంది.

నాకు అక్కడ ఏ అధికారమూ లేదు. అలవాటు కొద్దీ పక్క సీట్లోకి ఎక్కి, పిడిని ముందుకు తోశాను. అది టక్కున వెళ్లి ప్యానెల్‌కు కొట్టుకుంది. నేను వదిలిన సందు లేదు. స్క్రూ బయటికి వస్తే గవర్నర్ చేయి ఇంకా దూరం పోయి ఆ సందును మింగేస్తుంది.

దిగి అప్పలరాజును పక్కకు పిలిచాను.

"స్క్రూ ముట్టుకున్నావా?"

"ఏ స్క్రూ?"

ఏ స్క్రూ అని అడిగేవాడే ముట్టుకున్నవాడు. ఇది మా వృత్తిలో నూరుపాళ్లు నిజమైన సూత్రం. దీనికి గేజి అక్కర్లేదు.

అధికారి కల్పించుకున్నాడు. "సీలు తీగ ఉంది, నేను చూశాను. అయినా మీరు రిటైరయ్యారు కదా సార్?"

"నేను రిటైరయ్యాను సార్. నా కళ్లు మొన్ననే కొత్తగా డ్యూటీలో చేరాయి. తీగ ఉంది. కానీ అది నేను చుట్టిన తీగ కాదు."

సునీత హెడ్‌సెట్ ఒక చెవి మీంచి తీసింది. "మావయ్యా, సీదా బోలో. ఎగరాలా, వద్దా?"

"వద్దమ్మా."

"క్యోం?"

"స్క్రూ ఎంత తిప్పాడో తెలియదు. నేలమీద ఏ తేడా కనిపించదు. నువ్వు పైకి లేచాక ఇంజను ఎక్కడిదాకా పోతుందో నేను చెప్పలేను."

వెంటనే పిడి వెనక్కి లాగితే సరిపోతుంది కదా అనే పండితులు ఉంటారు. సరిపోవచ్చు. కొత్త ఇంజను, కొత్త ప్రొపెల్లర్, ఎన్నడూ ఎగరని విమానం, కింద సముద్రం, చక్రాలు నేల వదిలిన ఆ కొన్ని క్షణాలు. ఆ పండితులను ఆ సీట్లో కూర్చోబెట్టి అడగాలి.

సునీత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఎన్ని చుట్లు తిప్పారు?"

అప్పలరాజు నేలచూపులు చూశాడు. "లెక్కెట్టనేదమ్మా. మోత మారేదాకా తిప్పుదారనుకున్నాను. ఎంత తిప్పినా మారనేదు. మరి... తిప్పీసేను."

డుంగీ మీద స్క్రూ తిప్పేవాడు చెవితో లెక్కపెడతాడు. ఇక్కడ చెవికి ఏమీ వినిపించలేదు కాబట్టి ఆయన లెక్క మొదలే కాలేదు. సునీత హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలించి, బెల్టు విప్పి, కిందికి దిగింది.

వెనకనుంచి ఎవరో పెద్దాయన, "కొబ్బరికాయ కొట్టీసేం కదండీ!" అన్నాడు.

"అదొక్కటి పగిలింది చాలు తాతయ్యా" అంది సునీత.

అప్పలరాజు నా దగ్గరికి వచ్చాడు. చుట్టాలందరి ముందే అన్నాడు. "నీకు మొదట్నుంచీ నా ఇమానమంటే ఎకసెక్కమే బావా. వంకాయ కూర అన్నావు. నీకర్థం కాదన్నావు. ఇయాల నీ మనసు సల్లబడిందా?"

ఆయన ఆరేళ్లను నేను పది నిమిషాల్లో ఆపాను, ఆపడం సరైన పనే. కానీ ఆయన అడిగింది దాని గురించి కాదు.

కట్టిన పడవ

మూడో రోజు సునీత ఫోను చేసింది. "నాన్న రన్‌వే దగ్గరి హ్యాంగర్‌లో విమానం పక్కనే కూర్చుంటున్నారు మావయ్యా. ఒక్కటి అడగనా? ఆ స్క్రూ ఎందుకు తిప్పకూడదో నాన్నకి చెప్పారా?"

"ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను కదమ్మా."

"అది చెప్పడం కాదు మావయ్యా, ఆర్డర్."

నలభై ఏళ్లు ఆర్డర్లు వేసేవాళ్లను వెక్కిరిస్తూ బతికాను. సంతకాల సారు విమానం చూడకుండా రాసేవాడు. నేను మనిషిని చూడకుండా మాట్లాడాను. తేడా ఏమన్నా ఉంటే, ఆయన చేతిరాత బాగుండేది.

మధ్యాహ్నం హ్యాంగర్‌కు వెళ్లాను. అప్పలరాజు ఒక పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. నేను ఇంకో టైరు మీద కూర్చున్నాను.

"ఒక ప్రశ్న" అన్నాను. "డుంగీని జెట్టీకి తాడుతో కట్టి ఇంజను పూర్తిగా ఇచ్చావు. తర్వాత తాడు విప్పావు. థ్రాటిల్ ముట్టుకోలేదు. మోత ఒకేలా ఉంటుందా?"

"ఎలాగుంటాది?" అన్నాడు విసుగ్గా. "కట్టి ఉంటే ఇంజను ఏడుస్తాది. తాడు ఇప్పీసి పరుగు అందుకుంటే లేస్తాది. రేవులో పుట్టిన గుంటడికైనా తెలుసు."

"ఆ రోజు విమానాన్ని దేనికి కట్టాం?"

"లారీకి."

అన్నాక ఆగిపోయాడు. నావైపు చూడలేదు, ప్రొపెల్లర్ వైపే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. మనసులో తాడు విప్పుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"అంటే కట్టి ఉన్నప్పుడు తక్కువ రావడం సరైందే. పరుగెడితే అదే లేస్తాది. నాను తిప్పింది... పైకెళ్లేక దాని మీద ఇంకా లేస్తాది."

"అంతే."

"ఇదేనా?" అన్నాడు. ఈసారి నావైపు తిరిగాడు. "ఇంతేనా బావా? ఈ ముక్క ఆ రోజే సెప్పొచ్చు కదా!"

చెప్పొచ్చు. ఆయనకు అర్థం కాదని నేను తేల్చేసిన ఈ ముక్క, డుంగీల మీద కుర్రతనం నుంచే ఆయనకు తెలుసు. నేను అడగలేదు, అంతే.

"తప్పు నాది" అన్నాను.

"నాది కూడా ఉంది కదా" అన్నాడు. "సీలు తెంపింది నువ్వు కాదు."

చివరి చుట్టున్నర

లెక్క తప్పిన స్క్రూను దారికి తేవడానికి ఒక పద్ధతి ఉంది, రాసుకోండి. విమానాన్ని గట్టిగా కట్టి పూర్తి థ్రాటిల్‌లో నడపండి. ఇంజను ఆపి, స్క్రూ కొంచెం లోపలికి తిప్పి, మళ్లీ నడపండి. ఎక్కడో ఒకచోట ఆర్పీఎం పది, పదిహేను తగ్గుతుంది. అంటే నేలమీదే గవర్నర్ పగ్గం పట్టిందన్నమాట. అదొక్కటే నమ్మదగిన మైలురాయి. అక్కడి నుంచి బయటికి లెక్కపెట్టి తిప్పాలి, కావలసినదానికి కొంచెం తక్కువగా ఆగాలి. మిగతాది ఎగిరి చూశాక. ముందుగా గేజి నిజం చెబుతోందో లేదో ఎండలో మీటరు పెట్టి చూసుకోవడం మరవకండి. మేం అన్నీ చేశాం. మాకు పగ్గం రెండువేల ఐదువందల యాభై దగ్గర పట్టింది. నాలుగు చుట్లు బయటికి తిప్పాం. అప్పలరాజు ప్రతి చుట్టూ పైకి లెక్కపెట్టాడు, పంతులు మంత్రం చదివినంత భక్తిగా.

మళ్లీ గంట ఖాళీ దొరకడానికి కొన్ని వారాలు పట్టింది. ఈసారి చుట్టాలను పిలవలేదు. సునీత ఒక్కతే ఎక్కింది. విమానం పరుగెత్తి, లేచి, నీళ్ల మీదుగా ఎడమకు తిరిగింది. మేమిద్దరం మెడలు పట్టేసేలా చూశాం. అరగంట తర్వాత దిగి అద్దం తెరిచింది.

"ఎంతొచ్చిందమ్మా?" అప్పలరాజు రెక్క దగ్గరికి పరుగెత్తాడు.

"ఇరవై ఆరు అరవై నాన్నా. స్టడీ. సూది కదల్లేదు. బహుత్ మజా ఆయా!"

రెండువేల ఏడువందలకు నలభై తక్కువ. అంటే ఇంకో చుట్టున్నర. నా చేయి దానంతటదే స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. నలభై ఏళ్ల అలవాటు, అది నన్నడిగి పోదు. పట్టుకున్నాను కూడా. తర్వాత అప్పలరాజు చేతిలో పెట్టాను.

ఆయన సీలు తీగ తెంపి, స్క్రూను కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ వదులు చేసి, నావైపు చూడకుండానే స్క్రూ మీద గుర్తు గీసుకున్నాడు. తిప్పుతూ, "ఒకటి" అన్నాడు పైకి. ఆగాడు. "అర" అన్నాడు. లాక్ నట్ బిగించి, కొత్త తీగ చుట్టి, కూతురిని పిలిచి పిడి తోయించి, సందులో రెండు రూపాయి బిళ్లలు పెట్టి చూశాడు.

అంతసేపూ నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. వృత్తిలో నేను చేసిన అతి కష్టమైన పని అదే.